ఎక్కడ సంతకం పెట్టాలి సిస్టర్?

నర్సింగ్ విభాగం తరఫున – నర్సింగ్ సూపరింటెండెంట్



ఆపరేషన్‌కు ముందు అంగీకార పత్రం చేతికి ఇవ్వగానే మా నర్సులకు ఎదురయ్యే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఎక్కడ సంతకం పెట్టాలి సిస్టర్?" ఇందులో ఏం రాసి ఉంది అని అడిగేవారు బహు తక్కువ. పెన్ను తీసుకుంటారు, చూపించిన చోట సంతకం చేస్తారు, చదువు రానివారు వేలిముద్ర వేస్తారు, కాగితం తిరిగి ఇచ్చేస్తారు. తర్వాత వరండాలోకి వెళ్ళి తమలో తాము అనుకునే మాట కూడా మాకు వినబడుతూనే ఉంటుంది: "ఏమన్నా అయితే వాళ్ళకు సంబంధం లేదని రాయించుకున్నారు."

ఈ అపోహ రోగుల్లోనే కాదు, ఆసుపత్రుల్లో పనిచేసే కొందరిలో కూడా ఉంది. అందుకే ఈ సంచికలో దీని గురించి రాయాలనుకున్నాం. మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. ఏమీ మాట్లాడకుండా తీసుకున్న సంతకం రోగికి పనికిరాదు, ఆసుపత్రికీ పనికిరాదు. రోగుల కుటుంబాలకూ ఆసుపత్రులకూ మధ్య గొడవలు, కేసులు రావడానికి వైద్యంలో జరిగే పొరపాట్లు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఎవరూ కూర్చుని మాట్లాడకపోవడమని ఇన్నేళ్ళ వార్డు అనుభవంతో మేము నమ్ముతున్నాం.

ఆ కాగితం దేనికి?

ఆసుపత్రి నిర్లక్ష్యం చేస్తే దాన్ని మాఫీ చేసే సంతకం ఏదీ లేదు. "ఏం జరిగినా ఆసుపత్రికి బాధ్యత లేదు" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించుకున్నంత మాత్రాన కోర్టులు నిర్లక్ష్యాన్ని వదిలిపెట్టవు. మరి ఆ కాగితం ఎందుకు? మీ శరీరానికి ఏం చేయబోతున్నామో మీకు చెప్పామని, మీరు విని ఒప్పుకున్నారని చూపడానికి. చెప్పడం జరగకపోతే ఆ కాగితం ఖాళీ కాగితంతో సమానం.

2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును మా నర్సింగ్ విద్యార్థినులకు తప్పకుండా చెబుతాం. 1995లో ఢిల్లీలో నలభై నాలుగేళ్ళ అవివాహిత మహిళ నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందని ఒక డాక్టరు దగ్గరకు వెళ్ళారు. పొట్టలోకి గొట్టం పంపి చూసే పరీక్ష కోసం ఆమెకు మత్తు ఇచ్చారు. లోపలి పరిస్థితి చూశాక గర్భసంచి తీసేయడమే మేలని డాక్టరు అనుకున్నారు. ఆమె ఇంకా మత్తులోనే ఉన్నారు. బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. డాక్టరు మంచి ఉద్దేశంతోనే చేశారని కోర్టు కూడా ఒప్పుకుంది. అయినా పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు ఇచ్చినట్టు కాదని చెప్పింది. వయసు వచ్చిన మనిషి కాసేపు మత్తులో ఉన్నంత మాత్రాన, ప్రాణాపాయం లేనప్పుడు, ఆమె బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదని చెప్పింది. డాక్టరు తన ఫీజు వదులుకోవాలని, 25,000 రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆగడానికి వీల్లేని ప్రాణాపాయంలో అయితే డాక్టరు ముందు ప్రాణం కాపాడవచ్చు.

ఈ తీర్పు మన ఇళ్ళకు ఎంత దగ్గరగా ఉందో ఆలోచించండి. మన వార్డుల్లో భార్యకు ఆపరేషన్ అయితే భర్త సంతకం, కోడలికి అయితే అత్తగారి వేలిముద్ర, తల్లికి అయితే హైదరాబాదు నుంచి రావలసిన పెద్దకొడుకు సంతకం. ఆపరేషన్ జరిగేది ఎవరికో ఆ మనిషి మంచం మీద అన్నీ వింటూ పడుకుని ఉంటుంది. ఇంటివాళ్ళు పక్కన ఉండడం మంచిదే, వాళ్ళ సంతకం సాక్షిగా ఉండడమూ మంచిదే. కాని మొదటి మాట రోగితో, మొదటి సంతకం రోగిది.

ఇక్కడే ఇంకో చిక్కు. "అమ్మకు చెప్పకండి సిస్టర్, భయపడుతుంది" అని పిల్లలు మమ్మల్ని పక్కకు పిలిచి బతిమాలుతారు. ముఖ్యంగా క్యాన్సర్ అని తేలినప్పుడు. వాళ్ళ ప్రేమను మేము తప్పుపట్టం. కాని ఆ పెద్దావిడకు విషయం అర్థం కాలేదని ఎవరూ అనుకోవద్దు. కొడుకు మొహం చూస్తుంది, కోడలు ఎందుకు ఇంత మెత్తగా మాట్లాడుతోందో గమనిస్తుంది, రాత్రి డ్యూటీ నర్సును మెల్లగా అడుగుతుంది. ఇలాంటప్పుడు మేము సూచించే పద్ధతి ఇది: డాక్టరు గారు ఆమెనే అడగాలి, "పెద్దమ్మా, రిపోర్టు సంగతులన్నీ మీకు చెప్పమంటారా, అబ్బాయికి చెప్పమంటారా?" అని. అబ్బాయికే చెప్పండి అంటే అదీ ఆమె ఇష్టమే, ఆ మాట కేసు షీటులో రాస్తాం. నాకే చెప్పండి అంటే ఇక దాచడానికి ఎవరికీ హక్కు లేదు.

సంతకానికి ముందు మీరు ఏం అడగాలి? నాకు ఏం జబ్బు, ఏం చేయబోతున్నారు, చేయకపోతే ఏమవుతుంది, వేరే మార్గం ఉందా, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటి. కోర్టు కూడా దాదాపు ఇవే చెప్పాలంది. మేము ఇంకొకటి కలుపుతాం: ఎంత ఖర్చవుతుంది, ఆరోగ్యశ్రీలో వస్తుందా, రాకపోతే ఏది మీ చేతి నుంచి పెట్టుకోవాలి. డిశ్చార్జి రోజు బిల్లు కిటికీ దగ్గర జరిగే గొడవల్లో ఎన్నో ఈ ఒక్క మాట ముందే చెబితే రావు.

చెప్పేవాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట. "ఏం కాదులే అమ్మా, చిన్న ఆపరేషనే" అనడం మన అందరికీ అలవాటు. ధైర్యం చెప్పాలనే అంటాం. కాని ఏదైనా అయినప్పుడు ఆ కుటుంబం చెవుల్లో మోగేది ఆ మాటే. "ఏం కాదన్నారు కదా!" చిన్న నర్సులకు మేము చెబుతుంటాం, ఏం కాదు అని మాట ఇవ్వకండి, "మేం పక్కనే ఉంటాం" అనండి అని. అది మన చేతిలో ఉన్న పని.

మీ వైపు నుంచి దాచకూడనివీ కొన్ని ఉన్నాయి. ఇక్కడికి వచ్చే ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న ఇంజక్షన్లు, వాడుతున్న నాటు మందు, మానేసిన షుగరు మాత్రలు, తాగుడు అలవాటు, ఇంతకు ముందు ఏ మందుకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయో. కోప్పడతారని చాలామంది దాస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఆపరేషన్ రోజు ఖాళీ కడుపు. "ఆకలికి ఆగలేక రెండు ఇడ్లీలు తిన్నాడు, చెబితే ఆపరేషన్ వాయిదా వేస్తారని చెప్పలేదు" అనేవారు ఉన్నారు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకు వస్తుంది. వాయిదా పడితే ఒకరోజు నష్టం, అంతే.

ఉచితంగా చూస్తే అడగకూడదా?

మిషన్ ఆసుపత్రుల్లో తరచుగా వినే మాట ఒకటుంది. ధర్మానికి చేస్తున్నారు, మనమేం అడుగుతాం అని రోగులు అంటారు. ధర్మానికి చేస్తుంటే మనల్ని కోర్టుకు ఎవరు లాగుతారు అని సిబ్బందిలో కొందరు అంటారు. రెండూ సరికావు.

1995 నవంబరులో సుప్రీంకోర్టు వైద్యసేవలు కూడా వినియోగదారుల చట్టం కిందకు వస్తాయని తీర్పు చెప్పింది. అందులో ముఖ్యమైన సంగతి ఇది. అందరికీ అన్నీ ఉచితంగా చేసే ఆసుపత్రి ఆ చట్టం కిందకు రాదు. పేరు నమోదుకు నామమాత్రంగా తీసుకునే రుసుము లెక్కలోకి రాదు. కాని కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో, ఉచితంగా చూపించుకున్నవారికీ డబ్బు కట్టినవారితో సమానంగా ఆ హక్కు ఉంటుంది. చాలా మిషన్ ఆసుపత్రులు ఈ రెండో కోవలోవే. అంటే జనరల్ వార్డు చివరి మంచం మీద పైసా కట్టని రోగికీ, స్పెషల్ రూములో ఉన్నవారికీ చట్టం దృష్టిలో తేడా లేదు. ఈ తీర్పు వచ్చినప్పుడు ఆసుపత్రులు చాలా కంగారుపడ్డాయి. మాకు మాత్రం ఇది న్యాయంగానే తోస్తుంది. ఉచితం అని చెప్పి సెలైన్ బాటిల్ ఆలస్యంగా మార్చే నర్సు ఏ ఆసుపత్రికీ వద్దు.

"పొద్దున్న పేరు చెప్పాను కదా!"

మందు ఇవ్వడానికి వచ్చిన ప్రతిసారీ నర్సు పేరు అడిగితే కొందరు విసుక్కుంటారు. "మూడు రోజుల నుంచి ఇదే మంచం మీద ఉన్నాను, ఇంకా నా పేరు తెలియలేదా?" తెలుసు. అయినా అడుగుతాం. ఎందుకో చెప్పడానికి ఇంకో కేసు గురించి చెప్పాలి.

1993 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టైఫాయిడ్‌తో ఒక పిల్లవాడిని చేర్చారు. నర్సు తండ్రి చేత బయటి నుంచి ఒక ఇంజక్షన్ తెప్పించి నేరుగా నరంలోకి ఎక్కించింది. అది డాక్టరు అనుకున్న మందు కాదు, మలేరియాకు వాడే మందు. పిల్లవాడు తండ్రి ఎదుటే కుప్పకూలాడు, గుండె ఆగింది. ప్రాణం దక్కింది కాని మెదడు మళ్ళీ కోలుకోలేదు. ఆ నర్సుకు అర్హత లేదని, ఏ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లోనూ పేరు లేదని విచారణలో తేలింది. 1998 మార్చిలో సుప్రీంకోర్టు పిల్లవాడికి 12.5 లక్షల రూపాయలు, కళ్ళ ముందే ఆ బిడ్డను చూసుకుంటూ బతకాల్సిన తల్లిదండ్రులకు విడిగా 5 లక్షల రూపాయలు ఇచ్చిన తీర్పును ఖాయం చేసింది. నర్సు చేసిన పనికి ఆసుపత్రి జవాబు చెప్పాల్సిందేనంది.

ఈ కేసు చదివిన ఏ నర్సుకైనా ఇంజక్షన్ ఎక్కించే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆగాలి. పేరు అడగడం, చీటీతో పోల్చడం, సీసా మీద పేరు రెండుసార్లు చదవడం, ప్రమాదకరమైన మందయితే ఇంకో నర్సును పిలిచి చూపించడం, ఇవన్నీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు. "డాక్టరు గారు ఫోనులో చెప్పారు, ఇదిగో తెచ్చాం, చేసెయ్యండి సిస్టర్" అని మందు చేతిలో పెడితే మేము చెయ్యకపోవడానికి కారణమూ ఇదే. అర్ధరాత్రి ఫోనులో చెప్పిన ఆర్డరును మేము తిరిగి చదివి వినిపిస్తాం, సమయంతో సహా రాస్తాం, డాక్టరు గారు వచ్చాక సంతకం తీసుకుంటాం. మీరు కూడా ఏ నర్సింగ్ హోములోనైనా, ఏ ఆసుపత్రిలోనైనా, "ఇదేం మందు సిస్టర్, దేనికి?" అని అడగవచ్చు. మంచి నర్సు కోప్పడదు.

ప్లాస్టిక్ కవరు

మన కుటుంబాల్లో వైద్యం కాగితాలన్నీ బట్టల షాపు ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. ఓపీ చీటీలు, స్కానింగ్ ఫిల్ములు, పాత మందుల ఖాళీ అట్టలు, అన్నీ అందులోనే. నవ్వుకోవడానికి రాయడం లేదు, ఆ కవరు భద్రంగా తెచ్చినందుకు డాక్టర్లు ఎన్నోసార్లు సంతోషించారు. అందులో ఉండనిది ఒక్కటే, కేసు షీటు.

కేసు షీటు ఆసుపత్రి దగ్గర ఉంటుంది. కాని దాని నకలు అడిగే హక్కు మీకు ఉంది. 2002లో వచ్చిన వైద్యుల నడవడి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులు కనీసం 3 సంవత్సరాలు దాచాలి, రోగి గాని రోగి అధికారమిచ్చిన వారు గాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అడిగితే నొచ్చుకుంటారేమో అని మొహమాటపడవద్దు. ఆసుపత్రుల వారికీ చెబుతున్నాం, అడిగిన రోజే ఇచ్చిన కాగితం నమ్మకం కలిగిస్తుంది. నాలుగు రోజులు తిప్పి, ఐదుగురి దగ్గరకు పంపి, చివరికి ఇచ్చింది అదే కాగితమైనా, ఈలోగా ఏదో దిద్దారని అనుమానం వచ్చేస్తుంది. ఆ అనుమానాన్ని ఏ లాయరూ తీర్చలేడు.

మా వైపు, నర్సులు రాసే నోట్సు గురించి మేము చాలా కఠినంగా ఉంటాం. బీపీ చూసిన సమయం, డాక్టరు గారిని పిలిచిన సమయం, వచ్చిన సమయం, మూడూ విడివిడిగా రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. తెల్ల ఇంకుతో చెరపకూడదు, మీద మీద దిద్దకూడదు, డ్యూటీ దిగేటప్పుడు అన్నీ కలిపి ఒకేసారి రాయకూడదు. చేసిన పని రాయకపోతే చేసినట్టు రుజువు ఉండదు. చెయ్యని పని రాస్తే అది అబద్ధం, అంతకంటే పెద్ద తప్పు.

జరగకూడనిది జరిగినప్పుడు

ఎంత జాగ్రత్తగా ఉన్నా కొన్ని జరుగుతాయి. కొన్ని జబ్బు వల్ల, కొన్ని మందు పడక, కొన్ని మనుషుల పొరపాటు వల్ల. అప్పుడు ఆసుపత్రుల్లో సాధారణంగా ఏం జరుగుతుంది? వార్డులో మాటలు ఆగిపోతాయి. డాక్టరు గారు రౌండ్సుకు త్వరగా వచ్చి త్వరగా వెళ్ళిపోతారు. నర్సులు "డాక్టరు గారిని అడగండి" అంటారు. ఆఫీసు వారు "సూపరింటెండెంట్ గారు రేపు వస్తారు" అంటారు. ఏమీ మాట్లాడవద్దు, మాట్లాడితే కేసులో ఇరుక్కుంటారు అని సలహా ఇచ్చేవారు కూడా ఉంటారు. ఈ సలహాతో మేము ఏకీభవించం.

1994లో బ్రిటన్‌లో డాక్టర్ల మీద చట్టపరమైన చర్యకు దిగిన 227 మంది రోగులను, బంధువులను మీరు ఎందుకు ఈ దారి పట్టారని పరిశోధకులు అడిగారు. డబ్బు ఒక్కటే కారణం కాదని తేలింది. ఏం జరిగిందో చెప్పాలని, ఇంకొకరికి ఇలా జరగకూడదని, బాధ్యులు ఒప్పుకోవాలని ఎక్కువమంది కోరుకున్నారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులు 2001 నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాయి. పొరపాటు జరిగితే తామే కుటుంబానికి చెప్పడం, విచారం తెలపడం, తమ తప్పు ఉంటే పరిహారం తామే ముందుకు వచ్చి ఇవ్వడం. ఆ తర్వాత కోర్టు కేసులు తగ్గాయని, ఫిర్యాదులు తేలడానికి పట్టే సమయమూ తగ్గిందని 2010లో ప్రచురించారు. అదే కాలంలో ఆ రాష్ట్రంలో కేసులు మొత్తం మీద కూడా తగ్గుతున్నాయి కాబట్టి ఘనతంతా ఆ పద్ధతిదే అనలేం. కాని నిజం చెప్పినందుకు కేసులు కుప్పలుగా వస్తాయన్న భయం నిజం కాలేదు.

మా అభిప్రాయంలో, చెప్పడం ఆ రోజే జరగాలి. వరండాలో నిలబడి కాదు, ఒక గదిలో కూర్చుని. వైద్యం చేసిన పెద్ద డాక్టరు గారే చెప్పాలి, పక్కన రాత్రంతా రోగిని చూసుకున్న నర్సు ఉండాలి. ఆ కుటుంబం ఆమె మొహాన్ని ఎరుగుదురు. తెలిసింది తెలిసినట్టు చెప్పాలి, తెలియనిది ఇంకా తెలియలేదని, ఫలానా రోజుకు తెలుసుకుని చెబుతామని అనాలి. మీ బిడ్డకు ఇలా జరిగినందుకు మాకు చాలా బాధగా ఉంది అనడానికి తప్పు ఎవరిదో తేలే వరకు ఆగనక్కర్లేదు.

కుటుంబాల తరఫు నుంచి కూడా మాట్లాడుకోవాలి. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఆసుపత్రి గేటు ముందు శవాన్ని పెట్టి బేరం ఆడడం మన రాష్ట్రాల్లో కూడా చూస్తున్నాం. మధ్యలో పెద్దమనుషులు, చోటా నాయకులు దిగుతారు. అంకె తేలుతుంది, శవం లేస్తుంది. ఆ రోగి ఎందుకు చనిపోయారన్నది ఎప్పటికీ తేలదు. వెనక వందమంది ఉన్న కుటుంబానికి లక్షలు, ఎవరూ లేని వితంతువుకు డిశ్చార్జి చీటీ. దీన్ని న్యాయం అనగలమా?

దీని ఫలితం ఎక్కడ పడుతుందో మాకు లేబర్ రూములో కనబడుతుంది. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో కాన్పు తర్వాత ఆగని రక్తస్రావంతో ఒక తల్లి చనిపోయింది. బంధువులు శవంతో ఆందోళన చేశారు. పోలీసులు కాన్పు చేసిన డాక్టరమ్మ మీద హత్య కేసు రాశారు. మరునాడే ఆవిడ ప్రాణం తీసుకున్నారు. కాన్పు తర్వాత రక్తస్రావం ఎంత వేగంగా ప్రాణం తీస్తుందో చూసినవారికి తెలుసు. అన్నీ సరిగా చేసినా కొన్నిసార్లు తల్లి దక్కదు. డాక్టరు మీద క్రిమినల్ కేసుకు ముందు మరో నిష్పాక్షిక డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని, మామూలుగా అరెస్టు చేయకూడదని 2005 ఆగస్టులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంత పెద్ద నిర్లక్ష్యం ఉంటే తప్ప అది నేరం కాదంది. అయినా దౌసాలో ఏం జరిగిందో చూశాం. (2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో, వైద్యం చేసేటప్పుడు నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే రిజిస్టర్డ్ డాక్టరుకు శిక్ష 2 సంవత్సరాల వరకే అన్నారు. మిగతా అందరికీ 5 సంవత్సరాల వరకు. నర్సుల పేరు ఆ మినహాయింపులో లేదు. ఈ సంగతి మీద మా నర్సుల సంఘాలు ఇంకా గట్టిగా మాట్లాడాలి.)

భయపడిన చిన్న ఆసుపత్రి ఏం చేస్తుంది? కష్టమైన కాన్పు వస్తే తలుపు దగ్గరే "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అంటుంది. బీపీ ఎక్కువై ఫిట్స్ వస్తున్న గర్భిణిని రాత్రి రెండు గంటలకు జిల్లా కేంద్రానికి పంపుతుంది. రిఫర్ చేయడం తప్పు అనడం లేదు. రక్తం లేనప్పుడు, మత్తు డాక్టరు లేనప్పుడు పంపాల్సిందే, ముందు ఇవ్వాల్సిన ఇంజక్షన్ ఇచ్చి, అక్కడికి ఫోను చేసి, తోడు పంపి. కాని చేయగలిగిన ఆసుపత్రి భయంతో చెయ్యకపోతే నష్టపోయేది కారు లేని కుటుంబం. డబ్బున్నవారు మొదటే పట్నం వెళ్ళిపోతారు.

మీకు అన్యాయం జరిగిందనిపిస్తే దారులు ఉన్నాయి. ముందు ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. రికార్డుల నకలు తీసుకోండి. డాక్టరు నడవడి మీద అయితే రాష్ట్ర వైద్య మండలికి, నష్టపరిహారానికి అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. జరిగిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు వెయ్యాలి. మీరు కట్టిన వైద్యం ఖర్చు 5 లక్షల లోపు అయితే కమిషన్‌లో రుసుము లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. కాని అద్దాలు పగలగొడితే, డ్యూటీలో ఉన్న నర్సు మీద చెయ్యి చేసుకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2008లో చేసిన చట్టం ప్రకారం 3 సంవత్సరాల వరకు జైలు, 50,000 వరకు జరిమానా, పాడైన సామానుకు రెట్టింపు పరిహారం. తెలంగాణలోనూ అదే చట్టం ఉంది.

డాక్టరు వద్దన్నా తీసుకెళ్ళిపోతాం అని సంతకం పెట్టే సంగతి కూడా క్లుప్తంగా చెబుతాం. డబ్బు లేకనో, నమ్మకం పోయో, ఇంట్లోనే చనిపోనివ్వాలనో తీసుకెళతారు. ఆ సంతకం పెట్టినంత మాత్రాన మళ్ళీ రావడానికి వీల్లేదని కాదు. డిశ్చార్జి కాగితం, వాడాల్సిన మందులు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో అడిగి తీసుకోండి. అలిగి పంపే హక్కు మాకు లేదు.

ప్రార్థన చీటీలు

చివరగా, సంఘ కుటుంబాలకు సంబంధించిన విషయం. మీ పొరుగువారి గురించి, మీ సంఘస్థుల గురించి వార్డులో అడిగితే మా నర్సులు చెప్పరు. "ఏం జబ్బంటమ్మా ఆవిడకు?" అని పాస్టరు గారు అడిగినా, సంఘ పెద్దలు అడిగినా, "ఆవిడనే అడగండి అయ్యగారూ" అంటారు. గర్వం అనుకోవద్దు. రోగి సంగతి రోగి అనుమతి లేకుండా బయటపెట్టకపోవడం మా వృత్తిధర్మం. హెచ్‌ఐవి విషయంలో అయితే 2017లో చేసి 2018 సెప్టెంబరు నుంచి అమలవుతున్న ప్రత్యేక చట్టమే ఉంది. అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

మంచి మనసుతోనే జరిగే ఒక పని మమ్మల్ని కలవరపెడుతోంది. ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు ఫలానా సహోదరికి గర్భసంచి ఆపరేషన్ అని, ఫలానా యువకుడు మానసిక ఆసుపత్రిలో ఉన్నాడని మైకులో చెప్పేస్తున్నారు. ఇప్పుడు అది సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా వస్తోంది, ఒక్కోసారి సెలైన్ పెట్టిన మంచం మీది ఫొటోతో. పక్క మంచం రోగి కూడా ఆ ఫొటోలో ఉంటారు. పెళ్ళి కావలసిన పిల్ల గురించి అలా చెప్పేస్తే ఆ ఇంట్లో ఎంత బాధపడ్డారో మేము విన్నాం. పేరు చెప్పి ప్రార్థించడానికి జబ్బు పేరు అవసరం లేదు కదా! చీటీ రాసే ముందు రోగిని అడగండి. పేరు చదవమంటారా, జబ్బు చెప్పమంటారా, గ్రూపులో పెట్టమంటారా అని మూడూ విడివిడిగా అడగండి. మంచం మీద ఫొటో తీయాలంటే వార్డు సిస్టరును అడగండి, పక్క మంచానికి మధ్య తెర లాగి ఇస్తారు.